సోమనాథ్ వెళ్తే వెరావల్ బందరు కూడా చూసి రండి

మొన్న డిసెంబరులో అమ్మని తీసుకుని గుజరాత్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న. సింహం కనబడిందా? లేదు అనగానే "అయ్యో, అంత దూరం వెళ్ళి కూడానా" అంటారు. ఆ తర్వాత దర్శనం బాగా అయిందా, డయ్యు బీచ్ ఎలా ఉంది అని అడుగుతారు. ఈ మూడింటికీ జవాబు చెప్పేస్తే మా యాత్ర గురించి ఇంకా అడగడానికి ఏమీ ఉండదు. కానీ అమ్మకీ నాకూ ఆ ఆరు రోజుల్లో గుర్తుండిపోయినవి ఈ మూడు ప్రశ్నల్లో ఏ ఒక్కదాని కిందకీ రావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

బయల్దేరేముందు ఒక ట్రావెల్ ఏజెంట్ ప్లాన్ పంపాడు. మొదటి రోజు వైల్డ్‌లైఫ్, రెండో రోజు టెంపుల్, మూడో రోజు బీచ్ అని మూడు రంగుల్లో మూడు గడులు. గిర్‌లో పొద్దున్న సఫారీ, సాయంత్రానికి సోమనాథ్, రాత్రి హారతి, తెల్లారి డయ్యు, మళ్ళీ విమానం. చూడ్డానికి బాగానే ఉంది. అయితే మ్యాప్ తెరిచి చూస్తే సాసన్ గిర్ నుంచి సోమనాథ్‌కి నలభై చిల్లర కిలోమీటర్లే, అంటే మాకు హైదరాబాద్ నుంచి షాద్‌నగర్ వెళ్ళినంత. ఆ దారిలో ఒక నీలి గీత కనబడింది, హిరణ్ నది. గిర్ కొండల్లో పుట్టి, కమలేశ్వర్ డ్యామ్‌లో మొసళ్ళకి చోటిచ్చి, సాసన్ పక్కనించి జారి, తాలాలా కేసర్ మామిడితోటల మీదుగా వచ్చి, సోమనాథ్ గుడి ఉన్న ప్రభాస్ పాటణ్‌లో త్రివేణి సంగమం దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. కృష్ణుడు దేహం చాలించాడని చెప్పే దేహోత్సర్గ ఘాట్ కూడా ఆ నది ఒడ్డునే. అంటే అడవిలో సింహం తాగే నీళ్ళూ, సోమనాథ్‌లో అమ్మ తలమీద చల్లుకున్న నీళ్ళూ, కాసేపటికి చేపల బోట్ల కింద కదిలే నీళ్ళూ అన్నీ ఒకటే. (గిర్‌లో పుట్టే నదుల్లో ఒకదాని పేరు గోదావరి అని కూడా అక్కడే తెలిసింది. అమ్మకి అది ఎంత సంతోషమో.)

నేను చెప్పదల్చుకున్నది ఇదే. సౌరాష్ట్రలో అడవి, గుడి, సముద్రం వేరువేరు చోట్లు కావు. అక్కడ బతికేవాళ్ళు ఆ మూడింటినీ కలిపి పట్టుకుని ఉన్నారు, మన ప్లాన్‌లలో గడి లేనిది వాళ్ళకే. అందులోనూ కొందరు మనవాళ్ళు, తెలుగువాళ్ళు. వాళ్ళ పక్కనించి ముక్కు మూసుకుని వెళ్ళిపోతున్నాం.

ముందు అడవి గురించి. గిర్ సఫారీకి పర్మిట్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి, జూన్ మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా అడవి మూసేస్తారు, మీ జిప్సీ ఏ రూట్‌లో వెళ్తుందో మీ చేతిలో ఉండదు. పొద్దున్నే చలిలో శాలువా కప్పుకుని అమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆకులు రాలిపోయిన టేకు చెట్లు, ఎర్ర దుమ్ము, అక్కడక్కడా నీళ్ళ గుంటలు. మా గైడ్ ఒక మలుపులో ఇంజన్ ఆపించి వేలు పెదాలమీద పెట్టుకున్నాడు. కొండముచ్చు ఒకటి చెట్టు కొసన కూర్చుని, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గుతోంది. కాసేపటికి ఒక చుక్కల జింక కూత పెట్టింది. గైడ్ మెల్లిగా హిందీలో చెప్పాడు, దగ్గర్లో ఏదో నడుస్తోంది, మనం చూడకపోయినా అవి చూస్తున్నాయి అని. పదిహేను నిమిషాలు అలాగే కూర్చున్నాం. ఏదీ బయటికి రాలేదు. జింకలు మాత్రం మొత్తం ఒకే దిక్కుకి తలలు తిప్పి, చెవులు నిక్కించి, కాలు కదపకుండా నిలబడ్డాయి. ఒక అడవి అంతా ఒక్కసారిగా ఒకే వైపు చూడటం నేను అంతకుముందెప్పుడూ చూళ్ళేదు. నాకు సింహం కనబడలేదన్న మాట నిజమే, కానీ ఆ పావుగంట నేను సింహం దగ్గరే ఉన్నాను.

వెనక జిప్సీలో వచ్చిన కుటుంబం మాత్రం డబ్బులు వేస్టయ్యాయని గైడ్ మీద కేకలేసింది. ఆయన తల దించుకుని వింటూ నిలబడ్డాడు. ఆ రోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒకతను మా పక్కకి వచ్చి, రాత్రికి పొలాలవైపు వస్తే గ్యారంటీగా చూపిస్తాను, ఇంత ఇవ్వండి అన్నాడు. వద్దన్నాం. ఈ గ్యారంటీ వెనక ఏముంటుందో అందరికీ తెలియాలి. 2018లో గిర్ చుట్టుపక్కల ఒకచోట కోడిని ఎరగా వేలాడదీసి సింహాన్ని ఆడించిన వీడియో బయటికొచ్చి పెద్ద గొడవైంది, అరెస్టులు జరిగాయి. అలాంటివాళ్ళు తప్పుచేస్తున్నారు, నిజమే. కానీ "కనబడిందా లేదా" అన్న ఒక్క ప్రశ్నతో అడవిని కొలిచే మనం లేకపోతే ఆ వ్యాపారమే లేదు. ఎరకి అలవాటుపడిన సింహం మనిషిని చూసి తప్పుకోవడం మానేస్తుంది, ఏదో ఒకరోజు ఎవరి ప్రాణమో పోతుంది, ఆ తర్వాత బోనులోకి వెళ్ళేది సింహమే.

నిజానికి గిర్ సింహం ఇప్పుడు సఫారీ గేటు లోపలే ఉండే జంతువు కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయని జునాగఢ్ నవాబులు వేట ఆపించారు. 2015లో 523, 2020లో 674, 2025 లెక్కల్లో 891. వీటిలో సగానికి పైగా రక్షిత అడవికి బయటే తిరుగుతున్నాయి, పత్తి చేలల్లో, మామిడితోటల్లో, సముద్రం ఒడ్డున సరుగుడు తోపుల్లో. ఆ ఊళ్ళవాళ్ళు ఊరుకుంటున్నారు కాబట్టే అవి ఉన్నాయి. ఎందుకు ఊరుకుంటున్నారంటే కొంత భక్తి, కొంత అలవాటు, కొంత లాభం కూడా: పంట తినే మనుబోతుల్నీ అడవి పందుల్నీ సింహం చూసుకుంటుంది కదా అని రైతులు అంటారు. మేం దిగిన ఇంటి పెద్దాయన కూడా అదే అన్నాడు. ఆ రాత్రి పదకొండు దాటాక దూరంగా ఏదో పెద్ద డ్రమ్ముని నేలమీద ఈడుస్తున్నట్టు ఒక శబ్దం, కాస్త ఆగి మళ్ళీ, ఆగి మళ్ళీ. అమ్మ లేచి కూర్చుని "సింహాద్రప్పన్నా" అని దండం పెట్టుకుంది. పక్క గదిలో ఆ ఇంటివాళ్ళు మాత్రం టీవీ కూడా కట్టలేదు.

అడవి లోపల ఇంకా మాల్ధారీలు ఉన్నారు. గేదెల్ని మేపుకుని పాలు అమ్ముకునే వాళ్ళు, ముళ్ళకంచె మధ్య మట్టిగోడల గుడిసెలు, ఆ చిన్న వాడల్ని నెస్ అంటారు. 1970ల్లో వందల కుటుంబాల్ని అడవి బయటికి పంపేశారు, మిగిలినవాళ్ళు మిగిలారు. వాళ్ళ గేదెని సింహం తింటుంది, ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది, మళ్ళీ తెల్లారి వాళ్ళు అదే అడవిలోకి చేతికర్రతో వెళ్తారు. సఫారీలో మా జిప్సీ ఒక నెస్ పక్కనించి వెళ్తుంటే గడప దగ్గర ఒకావిడ పాలబిందె తోముతూ తలెత్తి కూడా చూళ్ళేదు. రోజుకి ఎన్ని జిప్సీలు వెళ్తాయో, వాటిలో ఎంతమంది ఆవిణ్ని ఫోటో తీస్తారో. నేనూ ఫోన్ ఎత్తబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని దించేసింది.

సిద్దీల సంగతి కూడా ఇలాంటిదే. ఎన్నో తరాల కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి, తాలాలా దగ్గర జంబూర్‌లో, సిర్వాన్‌లో ఉంటారు, గుజరాతీ మాట్లాడతారు, వాళ్ళ పీర్ నగార్చీ బాబా దర్గా జంబూర్‌లో ఉంది. వాళ్ళ ధమాల్ ఆ దర్గా దగ్గర పుట్టిన భక్తి ఆట, ఒళ్ళు తెలియకుండా ఆడేది. దాన్ని ఇప్పుడు కొన్ని రిసార్టుల్లో రాత్రి భోజనాల టైములో అరగంట షోగా పెడుతున్నారు. కొబ్బరికాయ పైకి విసిరి తలతో పగలగొడితే చప్పట్లు. ఆడేవాళ్ళకి ఆ డబ్బు అవసరం, అందుకని వద్దనలేను. కానీ మధ్యాహ్నం ఒక గంట జంబూర్ వెళ్ళి ఆ దర్గా మెట్లమీద కూర్చుంటే ఆ డప్పు ఎవరి కోసం మోగుతుందో తెలుస్తుంది.

ఇక సోమనాథ్. ద్వాదశ జ్యోతిర్లింగ స్తోత్రం చదువుకునే వాళ్ళకి తెలుసు, మొట్టమొదటి పాదంలోనే సౌరాష్ట్ర సోమనాథుడూ మన శ్రీశైల మల్లికార్జునుడూ పక్కపక్కన ఉంటారు. అమ్మ చిన్నప్పట్నుంచీ ఆ పాదాన్ని పొద్దున్నే స్నానం చేస్తూ చదివేది. ఇప్పుడున్న గుడి మన తాతల కాలంలో కట్టింది. 1947 నవంబరులో సర్దార్ పటేల్ మళ్ళీ కడతామని ప్రకటించారు, ఆ తర్వాత కేంద్రమంత్రి అయిన కె.ఎం. మున్షీ వెంటపడి పూర్తిచేయించారు, 1951 మే 11న రాజేంద్రప్రసాద్ ప్రతిష్ఠ చేశారు. 1026లో గజనీ మహమూద్ చేసిన విధ్వంసం గురించి అందరూ చెబుతారు. పక్కనే 1783లో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన చిన్న గుడి గురించి మాత్రం చాలామంది చెప్పరు. పెద్ద గుడిలో రద్దీగా ఉంటే అక్కడికి వెళ్ళండి, లింగం దగ్గర కాస్త నిమ్మళంగా కూర్చోవచ్చు.

పెద్ద గుడిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. అది నాకు చాలా నచ్చింది. రాత్రి ఏడింటి హారతికి నగారా మోగుతుంటే వందలమంది చేతులు ఖాళీగా ఉన్నాయి, పైకెత్తి జోడించడానికి. గుడి వెనక సముద్రం గోడ దగ్గర బాణస్తంభం ఉంది, ఇక్కణ్నించి దక్షిణ ధ్రువం దాకా ఈ గీతలో నేల అడ్డురాదు అని దానిమీద సంస్కృతంలో రాసి ఉంటుంది. అందరూ ఆ బాణం చూపించిన వైపే చూస్తారు, ఖాళీ సముద్రం వైపు. కొంచెం పడమటికి తల తిప్పితే మాత్రం చీకట్లో దీపాలు కనిపిస్తాయి, వరసగా, ఊగుతూ. అవి వెరావల్ బోట్లు.

మర్నాడు ఆటో అతనితో బందరుకి పోనివ్వు అంటే ఎందుకన్నాడు. అక్కడ మందిరం లేదు, వాసన, అన్నాడు. వాసన నిజమే. సోమనాథ్‌కి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న వెరావల్ దేశంలోని పెద్ద ఫిషింగ్ హార్బర్లలో ఒకటి, వేలకొద్దీ బోట్లు, పక్కన కొయ్యతో కొత్త బోట్లు కట్టే యార్డులు, కర్రలకి వేలాడదీసి ఎండబెట్టిన వానమట్టలు. మన టూరిస్టు బస్సులన్నీ ఈ ఊరి మీదుగానే వెళ్తాయి, అద్దాలు మూసుకుని.

మేం లోపలికి నడిచాం. నీళ్ళమీద డీజిల్ రంగులు, ఐసు గడ్డల్ని మరలో వేస్తున్న చప్పుడు, సావిడాయిలు వెండి బెల్టుల్లా గుట్టలుగా. బోట్ల మీద గుజరాతీ పేర్లు, జెండాలు. అమ్మ కొంగు ముక్కుకి అడ్డుపెట్టుకుని నా వెనకే వస్తోంది. అంతలో ఎవరో అరిచారు.

"ఒరే, ఆ కొస ఇటిసిరెయ్."

అమ్మ ఆగిపోయింది. కొంగు దించేసింది. బోటు అంచుమీద నలుగురు కూర్చుని వల బాగుచేస్తున్నారు. వాళ్ళలో పెద్దాయనకి నలభై ఐదుంటాయేమో. ఎడమ కాలి బొటనవేలికి వల తగిలించి బిగించి పట్టుకుని, ప్లాస్టిక్ సూదికి చుట్టిన ఆకుపచ్చ నైలాన్ దారంతో ఒక్కొక్క కన్నూ అల్లుతున్నాడు. మొదట సూది కింద నుంచి దూర్చి, వేలిమీద కొలత చూసుకుని, ముడి బిగించి, పంటితో కొసని కొరికేస్తున్నాడు. చూడకుండానే. అతని చూపంతా మా మీదే ఉంది.

"ఏ ఊరు బాబూ మీది?" అంది అమ్మ.

"సికాకుళం కాడమ్మా. ఎచ్చెర్ల మండలం."

"మాది నరసన్నపేట."

"అయితే మనోలే."

ఇరవై ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటూ మా ఫ్లాట్లలో వాళ్ళతో పద్ధతిగా పుస్తకం తెలుగు మాట్లాడే మా అమ్మ, ఆ బోటు దగ్గర నిలబడి "ఏటి తిన్నారు, ఏటి వండుకుంతారు, మరి పిల్లలెక్కడున్నారు" అని మొదలుపెట్టింది. వాళ్ళు పని ఆపకుండానే చెబుతున్నారు. ఆగస్టులో సీజన్ మొదలయ్యేటప్పుడు రైలెక్కి వస్తారు, మే ఆఖరికి వేట బంద్ అయ్యాక తిరిగి వెళ్తారు. ఒక్కోసారి సముద్రంలోకి వెళ్తే పదిహేను ఇరవై రోజులు. బోటు నడిపే తండేలు కింద ఏడెనిమిది మంది. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, కానీ పెద్ద బోట్లు ఆపుకోవడానికి తగ్గ హార్బర్ లేక తరాలుగా ఇలా పడమటి ఒడ్డుకి వస్తున్నారు. 2018 నవంబరులో ఇక్కణ్నించి వేటకెళ్ళి సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకున్నదీ వీళ్ళ ఊళ్ళవాళ్ళనే. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. ఆ ఏడాదే మార్చిలో లాక్‌డౌన్ పడి ఈ బందరులో మన మత్స్యకారులు వేలమంది బోట్లమీదే చిక్కుకుపోయారు, నెలకి పైగా, ఏప్రిల్ చివర్లో బస్సులు పెట్టి తీసుకొచ్చేదాకా. ఆ పెద్దాయన కూడా ఉన్నాడట. "కిందకి దిగనివ్వనేదమ్మా. బోటే ఇల్లు" అన్నాడు, అంతే, దాని గురించి ఇంకేం చెప్పలేదు.

అమ్మ అడిగింది, గుడికెళ్తారా అని.

"రెండు మాట్లెల్లినానమ్మా. కానీ సముద్రం మీంచి ఎప్పుడూ చూత్తాను. పదేను రోజులకి బోటు తిరిగొచ్చినప్పుడు ముందు కనిపించేదదే. ఆ సిఖరం కనిపించిందంటే ఇంక ఒడ్డుకొచ్చీసినట్టే."

ముందు రాత్రి మేం గుడి గోడ దగ్గర నిలబడి వాళ్ళ దీపాల్ని చూశాం. వాళ్ళు అక్కణ్నించి మా వైపు చూస్తున్నారు.

ఇంకొక విషయం కూడా ఆయనే చెప్పాడు, దాని గురించి నాకు అంతకుముందు పేపర్లో చదివిన కొంత తెలుసు. ఈ తీరానికి తిమింగల సొర వస్తుంది, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, ఒంటినిండా తెల్ల చుక్కలు, మనిషిని ఏమీ చేయదు. పాతికేళ్ళ కిందటి దాకా వెరావల్, సూత్రపాడ, ధామ్లేజ్ ఒడ్డుల్లో వందలకొద్దీ చంపేవారు. కాలేయం నూనె బోట్లకి పూసేవారు, మాంసం అమ్మేవారు. వేటలో ఈటెకి తేలే పీపాలు కట్టి వదిలేవారు కాబట్టి ఆ చేపకి బ్యారల్ అనే పేరు. 2001లో దాన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. కానీ చట్టం సముద్రంలో నలభై మైళ్ళ అవతల ఎవరికి కనిపిస్తుంది? 2004లో గుజరాత్ అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా ఇంకా కొందరు కలిసి ప్రచారం మొదలుపెట్టి, రామకథలు చెప్పే మొరారీ బాపూని అడిగారు. ఆయన జాలర్లతో చెప్పింది చాలా చిన్న మాట. ఇది పురిటికి పుట్టింటికి వచ్చే ఆడబిడ్డలాంటిది, పుట్టింటికొచ్చిన బిడ్డని చంపుకుంటామా? పేరు కూడా మారిపోయింది. బ్యారల్ పోయి వ్హాలీ అయింది, అంటే ప్రియమైనది. అప్పట్నుంచీ వలలో పడిన వ్హాలీని వల కోసి వదిలేస్తున్నారు, వందల సంఖ్యలో. కోసిన వలకి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది.

మన పెద్దాయన బోటుకీ ఒకసారి పడిందట. "ఇంతుందమ్మా" అని బోటు ముక్కు నుంచి ఇంజన్ గది దాకా చెయ్యి చూపించాడు. "తండేలు కొయ్యమన్నాడు. నాను నీళ్ళలో దిగి కోసినాను. గీరుకుంటాదని బయపడ్డాను. అది కదల్నేదు. కోసిందాకా అలాగే ఉండి, ఆనక మెల్లగెల్లిపోనాది." ఆ చేతుల్నే నేను చూస్తూ ఉన్నాను. ముడి వేస్తూనే ఉన్నాయి.

అమ్మ ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, మన దగ్గర శ్రీకూర్మం ఉంది, దేశంలో కూర్మనాథుడికి అంత పెద్ద గుడి ఇంకెక్కడుంది, ఆ పక్క ఒడ్డుల్లోనే ఏటా చలికాలంలో తాబేళ్ళు చచ్చి కొట్టుకొస్తాయి కదా అని. నిజం. గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ట్రాలర్ వలల్లో ఊపిరాడక చనిపోయి కళింగపట్నం వైపూ విశాఖ వైపూ ఒడ్డుకి చేరతాయి. అవీ పుట్టింటికొచ్చేవే. వలకి తాబేలు తప్పించుకునే కిటికీ పెట్టాలన్న నిబంధన కాగితం మీద ఉంది. గుడిలో చెప్పే మాట, బందరులో చెప్పే మాట, అటవీ శాఖ చెప్పే మాట వెరావల్‌లో ఒక్కటైంది, మన దగ్గర అవ్వలేదు. వల కోసే చెయ్యి మాత్రం మనదే, అది అక్కడ కోస్తోంది.

శ్రీశైలం దారిలోనూ నాకు ఇదే అనిపిస్తుంది. నల్లమల పులుల అడవి మధ్యనించి ఘాట్ రోడ్డులో వెళ్తాం, కోతులకి చిప్స్ ప్యాకెట్లు విసురుతాం, దర్శనం చేసుకుంటాం, డ్యామ్ దగ్గర ఫోటో దిగి తిరిగొస్తాం. మల్లన్నని అల్లుడని పిలుచుకునే చెంచువాళ్ళు ఆ దారిలోనే ఉంటారు. వాళ్ళతో ఒక్క మాటైనా మాట్లాడి వచ్చినవాళ్ళు మనలో ఎంతమంది?

డయ్యు గురించి పెద్దగా రాయను. బీచ్ బాగుంది, నాగోవాలో ఒడ్డు అర్ధచంద్రంలా వంగి ఉంటుంది, మన తాటిచెట్టులా కాకుండా కొమ్మలు చీలిన హోకా తాటిచెట్లు ఉన్నాయి, పోర్చుగీసు కోట పెద్దది. గుజరాత్‌లో మద్యనిషేధం, డయ్యు కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి అక్కడ లేదు, అందుకే శనాదివారాల్లో ఆ ఊరికి వచ్చే జనం వేరే పనిమీద వస్తారు, కుటుంబంతో వెళ్తే మిగతా రోజుల్లో వెళ్ళండి. ఫుదం దగ్గర గంగేశ్వర్ మాత్రం వదలొద్దు. రాతి గుహలో అయిదు శివలింగాలు, ఆటుపోటు వచ్చినప్పుడల్లా అల వచ్చి అభిషేకం చేసి వెళ్తుంది. పూజారి అవసరం లేని గుడి అని అమ్మ అంది.

ఇదంతా చెబితే ఒక స్నేహితుడు గట్టిగానే అడిగాడు. బందరులో కష్టపడే వాళ్ళని చూడ్డానికి వెళ్ళడం కూడా ఒకరకం సఫారీయే కదా, సింహం బదులు మనిషి, అంతేగా? ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. నెస్ దగ్గర నేను ఫోన్ ఎత్తబోయింది ఆ బుద్ధితోనే. కానీ ముక్కు మూసుకుని అద్దం వెనకనించి వెళ్ళిపోవడం గౌరవం ఎలా అవుతుంది? తేడా మనం ఏ పని చేస్తున్నాం అన్నదాంట్లో ఉంది. పేరు చెప్పి, ఊరు చెప్పి, అడిగినదానికి జవాబిచ్చి, వాళ్ళ పనికి అడ్డం రాకుండా ఒక పది నిమిషాలు నిలబడితే అది చుట్టరికం. చూసి, తీసి, పోస్టు చేసి వెళ్ళిపోతే అది సఫారీ. అమ్మ వాళ్ళని ఒక్క ఫోటో తియ్యలేదు. ఇంటికొచ్చాక ఎచ్చెర్లలో ఉన్న మా పిన్ని కోడలితో ఆ పెద్దాయన భార్యకి ఫోన్ చేయించి, మీ ఆయన బాగున్నాడు, మేం చూశాం అని చెప్పించింది.

ఇంకొకరు అన్నారు, సెలవులు దొరికేదే నాలుగు రోజులు, పెద్దవాళ్ళని తీసుకెళ్తే దర్శనం అయితే చాలు, ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అని. కుదురుతాయి. నేను అదనంగా ఖర్చుపెట్టింది ఒక పొద్దుటిపూట. డయ్యులో ఒక రాత్రి తగ్గించుకుంటే సరిపోతుంది. గిర్‌లో రెండో సఫారీ కొనే బదులు తాలాలా వైపు ఆ సాయంత్రం గడపండి. దేవళియాలో కంచె లోపల బస్సులో తిప్పి సింహాల్ని చూపిస్తారు, పిల్లలు అడిగితే అక్కడికి తీసుకెళ్ళండి, తప్పు లేదు, పొలాల్లో గ్యారంటీ అనేవాడి వెనక మాత్రం వెళ్ళొద్దు.

వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం కొన్ని సంగతులు. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ దాకా రైలుంది, అక్కణ్నించి వెరావల్‌కి ఇంకో రైలు. వెరావల్లోనే దిగండి, సోమనాథ్ ఆటోలో పావుగంట. బందరుకి పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే నిలబడలేరు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, నేలంతా ఐసు నీళ్ళు, పొలుసులు. గేటు దగ్గర సెక్యూరిటీని అడిగి, వద్దంటే వెనక్కి వచ్చేయండి, అది సరిహద్దు సముద్రం, వాళ్ళ పని వాళ్ళది. లోపల బోటు ఎక్కొద్దు. వేలం పాడేచోట మధ్యలో నిలబడొద్దు. కొంచెం నెమ్మదిగా నడవండి, చెవులు తెరిచి. ఆగస్టు నుంచి మే దాకా ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒక బోటు మీంచి తెలుగు వినిపిస్తుంది. వినిపించినచోట ఆగి, ఏ ఊరు బాబూ అని అడగండి.